పసుపు ధరయు, పటముపై దాని గీతయు

ఉత్తర దక్షిణములను కలుపు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాల దిశగా సాగు 63వ జాతీయ రహదారియు కలిసికొను చోట, నవనాథ సిద్ధేశ్వరుడు వెలసిన గుట్ట దిగువన ఉన్న ఆర్మూరు పట్టణము పేరు పసుపు పంటతో ఎంతగా పెనవేసికొన్నదనగా, మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు దేశవాళీ పసుపు రకములను పేర్కొనునపుడు దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట అను ఊళ్ల పేర్ల సరసన ఆర్మూరు పేరును ఒక రకమునకు పేరుగానే వ్రాయుదురు. తొలకరిలో విత్తిన దుంప ఎనిమిది తొమ్మిది నెలలు నేలలోనుండి, సంక్రాంతి దాటిన పిమ్మట త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన పచ్చి పసుపును ఉడికించి, కళ్లములో ఆరబోసి, మెరుగుపట్టించి, వ్రేళ్లవంటి కొమ్మును గుండ్రని మండను వేరుచేసి, బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెటు యార్డునకు తరలింతురు. అచ్చటి ధర గిట్టదని తోచిన రైతు మహారాష్ట్రలోని సాంగ్లీ వరకును లారీ కట్టించుటయు కలదు. నూరు కిలోల పచ్చి పసుపు ఎండి చేతికి వచ్చుసరికి ఇరువది, ఇరువదియైదు కిలోలకు మించదు. ఇంత శ్రమయు, ఇంత కాలమును, ఇంత పెట్టుబడియు కడపట ఒకే ఒక సంఖ్యలోనికి ఒదిగిపోవును: క్వింటాలునకు ఎన్ని రూపాయలు?

ఆ సంఖ్య నిలకడగల సంఖ్య కాదు. నేటిది రేపటికుండదు; ఒకే నాడు ఒక కుప్పకు పలికిన ధర ప్రక్క కుప్పకు పలుకదు. కనుక ధరను గూర్చి ఆలోచించువాడు ఒక్క సంఖ్యను చూచి తృప్తిపడజాలడు. వరుసగా కొన్ని వారముల, కొన్ని ఏండ్ల సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగోరును. సంఖ్యల పట్టిక పొడవైన కొలది కంటికి అలసట. అందుచేత వానిని గీతగానో కడ్డీలుగానో మార్చి చూచుట ఆధునిక జీవనమున నిత్యకృత్యమైనది. నేడు పత్రికలోను, రైతుల చేతిలోని ఫోనులోను, వ్యాపారి బల్లపైని కంప్యూటరులోను పసుపు ధర గీతయై కనిపించుచున్నది. ఆ గీతను గీచునది కంప్యూటరులోని ప్రోగ్రాము. గీచిన గీతను సవరించు అధికారము మాత్రము మనుష్యునిది. ఈ యధికారమును ఎఱుగనివాడు తన ముందున్న పటమును నిజముగా చదువలేడనియు, పటమును విప్పి సవరింప నేర్చినవాడే ఇతరులు గీచిన పటములోని సత్యాసత్యములను పట్టుకొనగలడనియు నా నిశ్చితాభిప్రాయము. ఈ అధ్యాయము దానికొఱకే.

మొదట సంఖ్యలు ఎచ్చటనుండి వచ్చునో తెలిసికొందము. కేంద్ర ప్రభుత్వము నడుపు ఆగ్‌మార్క్‌నెట్ అను ధరల వేదికలో ప్రతి మార్కెటునుండి, ప్రతి సరుకునకు, ప్రతి దినమునకు మూడు ధరలు నమోదగును: కనిష్ఠము, గరిష్ఠము, మోడల్. మోడల్ ధర యనగా ఆ నాడు యార్డునకు వచ్చిన సరుకులో అధికభాగము ఏ ధరకు అమ్ముడుపోయెనో ఆ ధర. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెటు, అనగా ఈ-నామ్, తొలి విడతగా చేర్చుకొన్న 21 మార్కెట్లలో నిజామాబాదు ఒకటి యగుటచే, అచ్చటి పసుపు వేలము కంప్యూటరు తెరకెక్కి, ధరల నమోదు సులభమైనది. అయినను పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చునది తఱచుగా గరిష్ఠ ధర. అది ఆ నాటి యార్డులోని మేలైన యే యొక్క కుప్పకో పలికినది. గరిష్ఠములను మాత్రమే ఏర్చి గీచిన గీతయు, మోడల్ ధరలతో గీచిన గీతయు ఒకే మార్కెటు నుండి, ఒకే వారము నుండి పుట్టినవైనను, రెండు వేర్వేరు కథలు చెప్పును. ఇంటికి వచ్చు సొమ్మును అంచనా వేసికొనగోరు రైతు చూడవలసినది రెండవదానిని.

ధరను గీతగా గీచుట మన కాలమున పుట్టిన విద్య కాదు. ఆవిరియంత్రమును సంస్కరించిన జేమ్స్ వాట్ వద్ద నమూనాపటముల లేఖకుడుగా పనిచేసిన విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు 1786లో ప్రకటించిన వాణిజ్య రాజకీయ పటముల గ్రంథముతో ఆర్థిక విషయముల రేఖాపటమునకును, కడ్డీపటమునకును జన్మము కలిగినది; వృత్తమును ముక్కలుగా కోసి చూపు పటమును సయితము ఆయనయే 1801లో ప్రవేశపెట్టెను. మనకు మిక్కిలి ఆసక్తి కలిగింపవలసినది ఆయన వార్ధక్యమున గీచిన పటము. 1821లో ఇంగ్లండు వ్యవసాయము దుర్దశలోనుండగా, ఆ దుర్దశను గూర్చియే వ్రాసిన గ్రంథమునందు, సుమారు 250 సంవత్సరముల గోధుమ ధరను కడ్డీలుగాను, పనివాని వారపు కూలిని గీతగాను ఒకే కాగితముపై చూపెను. ధరను ఒంటరిగా చూడరాదు, ఆ ధర నిచ్చి కొనువాని రాబడితో కలిపి చూడవలెనని ఆయన ఆశయము. ఈ మాటకు తరువాత మఱల వత్తుము.

ప్లేఫేర్ నాడు పటమును సవరించుటయనగా రాగిరేకుపై చెక్కిన గీతను చెఱిపి మఱల చెక్కించుట. కాబట్టి గీచుటకు ముందే అక్షము ఎచ్చట మొదలు కావలెను, గడులెన్ని ఉండవలెనని ఆయన యోచించి తీరవలసివచ్చెను. కంప్యూటరు ఈ నిర్బంధమును తొలగించినది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు నిర్మించిన విసికాల్క్ అంకెలను గడులలో పేర్చి తనంతట లెక్కించుట నేర్పెను గాని గీతలు గీయలేదు. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను ప్రోగ్రాము పట్టికను పటమును ఒక్కచోట చేర్చి, గడిలోని అంకె మార్చి ఒక మీట నొక్కినంతనే పటము మాఱునట్లు చేసెను. 1985లో ఎక్సెల్ వచ్చెను. 2010 సెప్టెంబరు 28న ఓపెన్ ఆఫీసునుండి చీలి లిబ్రె ఆఫీసు ఏర్పడెను. అది ఉచితముగా లభించును, అందలి కాల్క్ అను భాగము పట్టికలకును పటములకును ఉద్దిష్టము. సౌకర్యము పెరిగినది, అయితే ప్లేఫేర్ స్వయముగా యోచించి తీసికొన్న నిర్ణయములను నేడు ప్రోగ్రాము మనల నడుగకయే తీసికొనుచున్నది. ఆ నిర్ణయములను వెదకి పట్టుకొనుటయే పటమును సవరించు విద్యలోని సారము.

అందు ప్రథమమును, ప్రధానమును అగు నిర్ణయము, నిలువుటక్షము ఏ సంఖ్యతో మొదలు కావలెననునది. దీనిపై కొంచెము నిలిచి చూతము. ఒక వారములో పసుపు కొమ్ము మోడల్ ధర సోమవారము 12,000 రూపాయలతో ఆరంభమై శనివారమునకు 13,500 రూపాయలకు చేరినదనుకొందము. ఇవి ఉదాహరణార్థము కల్పించుకొన్న అంకెలు. వీనిని ఎక్సెల్‌లో కడ్డీపటముగా గీయుమన్నచో, అది తనంతట ఒక నియమమును అనుసరించును: అన్నిటికంటె పెద్ద విలువకును చిన్న విలువకును గల భేదము పెద్ద విలువలో ఆఱవ వంతునకు మించినచో అక్షమును సున్నతో ఆరంభించును, మించనిచో సున్నను విడిచి, చిన్న విలువకు కొంచెము దిగువనుండి ఆరంభించును. మన ఉదాహరణలో భేదము 1,500; అది 13,500లో తొమ్మిదవ వంతు మాత్రమే. కనుక అక్షము ఇంచుమించు 11,000 ప్రాంతమున మొదలగును. అది సరిగా 11,000 అనియే తీసికొన్నచో, సోమవారపు కడ్డీ ఎత్తు 1,000 రూపాయలకును, శనివారపు కడ్డీ ఎత్తు 2,500 రూపాయలకును సరిపడును. చూచువాని కంటికి ధర వారములో రెండున్నర రెట్లయినట్లు తోచును. నిజమునకు పెరిగినది నూటికి పన్నెండున్నర. సంఖ్యల పటములను గూర్చి 1983లో ప్రకటితమైన ఎడ్వర్డ్ టఫ్టీ గ్రంథము ఇట్టి వక్రతను కొలుచుటకు ఒక సూత్రము నిచ్చినది: పటములో కనబడు మార్పును, అంకెలలోనున్న మార్పుచే భాగింపవలెను. పటములో మార్పు నూటికి 150, అంకెలలో పన్నెండున్నర, భాగఫలము 12. అనగా ఈ పటము నిజమును పండ్రెండు రెట్లు పెంచి చూపుచున్నది. ఇందు ఎవరును అబద్ధమాడలేదు. ఏ యంకెయు మాఱలేదు. ప్రోగ్రాము అలవాటు ననుసరించి అక్షమును ఎంచుకొన్నది, అంతే.

దీనిని సరిచేయుట రెండు క్షణముల పని. కాల్క్‌లో పటముపై రెండుమార్లు క్లిక్ చేసినచో దాని చుట్టు సన్నని అంచు ఏర్పడి, పటము లోపలి భాగములు సవరణకు లొంగును. నిలువుటక్షముపై రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ యాక్సిస్ అను మాటను, అందు స్కేల్ అను పుటను తెఱచినచో, మినిమమ్ అను గడి ప్రక్కన ఆటోమేటిక్ అను చిన్న పెట్టెలో టిక్కు కనబడును. ఆ టిక్కును తీసివేసి గడిలో సున్న వ్రాయవలెను. ఎక్సెల్‌లో అక్షముపై రెండుమార్లు క్లిక్ చేసినచో కుడిప్రక్కన ఒక పలక తెఱచుకొనును. అందు మినిమమ్ గడి ప్రక్కన ఆటో అని యున్నచో ఆ సంఖ్య ప్రోగ్రాము ఎంచుకొన్నది. రీసెట్ అని యున్నచో మనుష్యుడెవడో చేత్తో వ్రాసినది. ఇతరులు పంపిన ఫైలును తెఱచినపుడు మొదట చూడవలసినది ఈ చిన్న మాటనే. పటమును గీచినవాని హస్తము ఎచ్చట తగిలినదో అది చెప్పివేయును. పటమును బొమ్మగా మాత్రమే పంపువానిని, వీలైనచో అసలు ఫైలును అడుగుట పాఠకుని హక్కని నా మతము.

కడ్డీ సున్నతో మొదలు కావలెననుటకు కారణము మన కంటి స్వభావమునందే యున్నది. కడ్డీని చూచినపుడు కన్ను దాని పొడవును కొలుచును. పొడవును మధ్యలో కోసివేసినచో కొలత చెడును. గీతను చూచినపుడు కన్ను బిందువుల స్థానమును, గీత వాలును గమనించును. కనుక గీతాపటమునకు సున్న అనివార్యము కాదు. ఒక వారములోని చిన్న హెచ్చుతగ్గులను పరిశీలింపగోరువాడు అక్షమును 11,000తో మొదలిడి గీత గీచుకొనుట తప్పు కాదు, ఆ సంగతి పటముపై స్పష్టముగా చెప్పినచో. 1984లో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ అను నమెరికా శాస్త్రజ్ఞులు మనుష్యులచే పటములను చదివించి చేసిన ప్రయోగములలో, ఒకే కొలబద్దపై స్థానములను పోల్చుట అన్నిటికంటె నిర్దుష్టముగా జరుగుననియు, పొడవును, కోణమును పోల్చుటలో పొరపాట్లు పెరుగుననియు తేలినది; వైశాల్యము, ఘనపరిమాణము వానికంటెను వెనుకబడునని వారు వరుస కట్టిరి. ప్రోగ్రాములలో మెనూ తెఱచినంతనే ఆకర్షించు త్రిమితీయ కడ్డీలను విసర్జింపవలెననుటకు ఇంతకంటె వేఱు కారణము అక్కఱలేదు.

అక్షమును చేత్తో నిర్ణయించుటలో ఒక ప్రమాదము కలదు. దానిని కూడ చెప్పవలెను. పై హద్దు 15,000 అని ఒక యేట వ్రాసి మఱచినచో, మఱుసటి యేట ధర ఆ హద్దును దాటినపుడు గీత పటము పై అంచును తాకి మాయమగును. క్రొత్త అంకె పట్టికలో ఉన్నను పటములో ఉండదు. కావున ప్రతి సీజను మొదట హద్దులను మఱల చూచుకొనవలెను.

అడ్డుటక్షము విషయము ఇంతకంటె సూక్ష్మమైనది, తక్కువమంది గమనించునది. మార్కెటు యార్డు ప్రతి దినము నడువదు. ఆదివారములు, పండుగలు, సరుకు మితిమీరి వచ్చినపుడు ప్రకటించు విరామములు ఉండును. మూడు దినముల విరామము తరువాత వచ్చిన ధరను, మఱునాడే వచ్చిన ధరతో సమానమైన దూరమున గీచినచో, నాలుగు దినముల మార్పు ఒక్క దినపు మార్పువలె నిటారుగా కనబడును. ప్రోగ్రామునకు ఆ గడిలోనిది తేదీ యని తెలిసినచో దూరములను సరిగా పాటించును. అది వట్టి అక్షరములనుకొన్నచో అన్నిటిని సమదూరమున పేర్చును. పట్టికలో దీనిని గుర్తించుట చాల సులభము: గడిలో కుడివైపునకు జరిగి నిలుచునది తేదీ, ఎడమ అంచునకు అంటుకొన్నది అక్షరముల వరుస. వెబ్బు నుండి దింపుకొన్న పట్టికలలో సగము తేదీలు కుడికి, సగము ఎడమకు ఉండుట సాధారణము. ఏలయనగా, కంప్యూటరులోని భాషాప్రాంతము అమెరికాదిగా ఉన్నచో అది నెలను ముందు, దినమును తరువాత చదువును. 03-04 అను ఏప్రిల్ మూడవ తేదీని మార్చి నాలుగుగా గ్రహించును, 25-03 అనునది తేదీయే కాదని త్రోసివైచును. ఈ సంగతి ఎఱుగక గీచిన పటములో మార్చి ధరలు ఏప్రిల్‌లోనికి, ఏప్రిల్ ధరలు మార్చిలోనికి చొచ్చుకొనిపోవును. మొదట ప్రాంతమును భారతదేశమునకు మార్చి, తేదీలను సరిచేసి, అటుపిమ్మట కాల్క్‌లో అడ్డుటక్షపు రకము టెక్స్ట్ కాక డేట్ అని యున్నదో లేదో చూడవలెను.

విరామదినముల గడులు ఖాళీగా ఉండును గదా, ఆ ఖాళీని ప్రోగ్రాము ఏమి చేయును? కాల్క్‌లో గీతపై రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ డేటా సిరీస్‌లో ఆప్షన్స్ పుటను తెఱచినచో మూడు మార్గములు కనబడును: ఖాళీని ఖాళీగానే విడుచుట, సున్నగా భావించుట, ముందు వెనుకల బిందువులను గీతతో కలుపుట. రెండవ మార్గము ఎంచబడియున్నచో ఉగాదినాడు పసుపు ధర సున్నకు పడి మఱునాడు లేచినట్లు పటము చెప్పును. ఇది ఘోరమైన పొరపాటు గాని, చూచినంతనే తెలియును కనుక అపాయము తక్కువ. మూడవ మార్గము మర్యాదగా కనబడుచునే మోసపుచ్చును. ఒకటి రెండు దినముల ఖాళీని కలిపిన దోషము లేదు; కాని సీజను ముగిసి యార్డునకు సరుకు రాక సన్నగిల్లిన వానకాలపు నెలలలో ధరయే నమోదు కానిచో, ఆ నెలల మీదుగా సాగిన సరళరేఖ అచ్చట లేని అమ్మకములను ఉన్నట్లు నమ్మించును. నావఱకు నేను ఖాళీని ఖాళీగానే విడువవలెనందును. పటములో తెగిన గీత ఒక సమాచారము.

గీతలను నునుపుచేయు వెసులుబాటు ఇంతకంటెను చెడ్డది. కాల్క్‌లో స్మూత్ అను రకమును ఎంచినచో కోణములుగా విఱిగిన గీత వంపులుగా మాఱును. అందు క్యూబిక్ స్ప్లైన్ అను పద్ధతి బిందువులన్నిటి గుండ పోవునుగాని, రెండు బిందువుల నడుమ వంపు వాని కంటె పైకి లేచుటో క్రిందికి దిగుటో జరుగును. అనగా యార్డులో ఎన్నడును పలుకని ధరను పటము చూపును. బి-స్ప్లైన్ అను రెండవ పద్ధతి బిందువులను దిక్సూచనగా మాత్రమే గ్రహించి, వాని ప్రక్కగా సాగిపోవును; శిఖరములు కుంగును, లోయలు పూడును. రైతు మండుటెండలో వేచియుండి అమ్మిన ధరను ఒక సమీకరణము అందము కొఱకు మార్చివేయుటను నేను అంగీకరింపజాలను. ధరల పటమున సరళరేఖలే ఉండవలెను.

ఇంతవఱకు దోషములను గూర్చి చెప్పితిని. ఈ ప్రోగ్రాములలోనే యున్న ఒక గుణమును మన మార్కెట్ల విషయమున ఎవరును తగినంతగా వాడుకొనుట లేదు. షేర్ల వ్యాపారుల కొఱకు నిర్మించిన స్టాక్ చార్టు అను రకము కలదు. అది దినమునకు ఒక నిలువు గీతను గీచును. గీత అడుగు ఆ నాటి కనిష్ఠము, కొన గరిష్ఠము, నడుమ చిన్న అడ్డుగీటు ముగింపు ధర. మన మార్కెటు ఇచ్చు మూడు ధరలు దీనికి సరిగా అతుకును: ముగింపు స్థానమున మోడల్ ధరను ఉంచిన చాలును. పట్టికలో నిలువు వరుసల క్రమము మాత్రము ముఖ్యము. కాల్క్ కనిష్ఠము, గరిష్ఠము, ముగింపు అను క్రమమును కోరును, ఎక్సెల్ గరిష్ఠము, కనిష్ఠము, ముగింపు అను క్రమమును కోరును. ఇట్లు గీచిన పటములో ఒక్క చూపునకు ఎన్నో సంగతులు తెలియును. నిలువు గీత పొడవుగా ఉన్న నాడు మేలు సరుకునకును నాసి సరుకునకును ధరలో పెద్ద యెడము ఉన్నదన్నమాట. అప్పుడు బాగుగా ఆరబెట్టి, మెరుగుపట్టి, మండను వేరుచేసిన శ్రమకు ఫలము దక్కును. అడ్డుగీటు గీత అడుగునకు దగ్గఱగా ఉన్న నాడు, పత్రికలో వచ్చిన గరిష్ఠ ధర కొలదిమందికే దక్కినదన్నమాట. కొమ్మును, మండను వేర్వేరు షీట్లలో ఉంచవలెను. రెండింటిని కలిపినచో గీత పొడవునకు అర్థము పోవును.

ధరతోపాటు యార్డునకు వచ్చిన బస్తాల సంఖ్యను కూడ చూపగోరి, ఎడమవైపు ఒక అక్షమును కుడివైపు వేఱొక అక్షమును పెట్టుట పరిపాటి. రెండు గీతలు ఎచ్చట ఖండించుకొనునో అచ్చట ఏదో విశేషమున్నట్లు చూపరి భ్రమించును. నిజమునకు ఆ ఖండనస్థానము అక్షముల హద్దుల వలన ఏర్పడునది, హద్దు మార్చినచో స్థానము మాఱును. రెండు పటములను ఒకదాని క్రింద నొకటి, ఒకే తేదీల అక్షముతో పేర్చుట మేలు.

ఇక దీర్ఘకాలపు పటమునకు వత్తము. నిజామాబాదు ప్రాంతపు పసుపు ధర గత పదునైదేండ్లలో ఎక్కిన మెట్లు, దిగిన మెట్లు సామాన్యములు కావు. 2010లో క్వింటాలు ధర 15,000 రూపాయల పరిసరమునకు పోయి, రెండేండ్లు తిరుగకముందే 4,000 ప్రాంతమునకు పడినది. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు వద్ద రైతులు పసుపునకు 15,000 రూపాయల ధరను, ఎఱ్ఱజొన్నకు గిట్టుబాటును కోరుచు రహదారిపై బైఠాయించిరి. ఆ యేటి లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు స్థానమునకు పోటీచేసిన వారి సంఖ్య 185కు చేరుటకు నామినేషన్లు వేసిన పసుపు, ఎఱ్ఱజొన్న రైతులే కారణము. 2024 మార్చిలో నిజామాబాదు యార్డున గరిష్ఠ ధర 18,000 దాటినది. ఈ పొడవైన కథను సామాన్యమైన అక్షముపై గీచినచో, 4,000 నుండి 8,000కు పెరిగిన పెరుగుదల చిన్నదిగాను, 12,000 నుండి 16,000కు పెరిగినది దానితో సమానముగాను కనబడును. రైతు దృష్టిలో మొదటిది రాబడి రెట్టింపగుట, రెండవది మూడవ వంతు పెరుగుట. స్కేల్ పుటలో లాగరిథమిక్ అను పెట్టెను టిక్కు చేసినచో అక్షముపై సమానమైన దూరము సమానమైన నిష్పత్తిని సూచించును. రెట్టింపు ఎచ్చట జరిగినను ఒకే ఎత్తున కనబడును. అనేక సంవత్సరముల ధరలను పోల్చువాడు ఈ యక్షమును వాడుటకు జంకరాదు.

అయినను, ఏ యక్షమును వాడినను తీరని లోపమొకటి మిగిలియున్నది. 2010 నాటి రూపాయియు 2024 నాటి రూపాయియు ఒకటి కావు. ఈ మధ్యకాలమున దేశమునందలి వినియోగ వస్తువుల ధరల సూచి రెట్టింపునకు మించి పెరిగినది. అనగా 2010లో 15,000 రూపాయలతో కొనగలిగిన సరుకులు, సేవలు కొనుటకు 2024లో 30,000 రూపాయలు చాలవు. కనుక 2024 నాటి 18,000, గీతాపటములో అన్నిటికంటె ఎత్తున నిలిచి రికార్డుగా కీర్తింపబడినను, కొనుగోలు శక్తిలో పద్నాలుగేండ్ల క్రిందటి ధరకు చాల దిగువన ఉన్నది. పట్టికలో ప్రతి యేటి ధరను ఆ యేటి సూచిచే భాగించి, మూల సంవత్సరపు సూచిచే గుణించి, క్రొత్త నిలువు వరుసను ఏర్పఱచి, ఆ వరుసతో పటము గీయుట ఒక చిన్న సూత్రముతో అయ్యెడి పని. కాల్క్‌లో పటముపై రైట్ క్లిక్ చేసి డేటా రేంజెస్ తెఱచి, పాత వరుసకు బదులు క్రొత్త వరుసను సూచించిన చాలును. పటము ఆకృతియే మాఱిపోవును. శిఖరము 2024 నుండి 2010కి తరలిపోవును. ప్లేఫేర్ 1821లో గోధుమ ధర సరసన కూలిని గీచిన అభిప్రాయము ఇదియే. ఆయన రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపెనే గాని, కూలికి ఎంత గోధుమ వచ్చునను నిష్పత్తిని గీయలేదు. ఆ భాగహారమును చేయు యంత్రము ఆయనకు లేదు, మనకు ఉన్నది. గిట్టుబాటు ధర కొఱకు అడుగువారు ఈ రెండవ పటమును చేతబట్టి అడుగవలెనని నేను మనఃపూర్వకముగా కోరుచున్నాను. వట్టి రూపాయల గీతను చూపి, ధర ఎన్నడును లేనంతగా పెరిగినదని చెప్పువారికి అదియే ప్రత్యుత్తరము.

అంకెలోనే దోషమున్నపుడు పటమును సవరింపరాదు. 12,500 అని కొట్టబోయి 1,25,000 అని కొట్టినచో, పటములో ఒక్క శూలము ఆకాశమునకు లేచి, తక్కిన సీజనంతయు అడుగున చదునైన గీతగా అణగిపోవును. పై హద్దును తగ్గించి ఆ శూలమును కనబడకుండ చేయుట కొందఱి యలవాటు. అది తప్పు. అమ్మకపు చీటీయైన తక్‌పట్టీతోనో మార్కెటు నమోదుతోనో సరిపోల్చి, షీటులోని గడినే దిద్ది, దిద్దిన సంగతిని ఆ గడికి వ్యాఖ్యగా చేర్చవలెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి ప్రపంచ ప్రసిద్ధుడైన సి.ఆర్.రావు తన జీవితమంతయు ప్రబోధించిన గణాంకశాస్త్రమునకు మొదటి మెట్టు, వచ్చిన అంకెలను నమ్ముటకు ముందు పరీక్షించుటయే. ఆకృతిని పటములో సవరింపుడు, అంకెను పట్టికలో సవరింపుడు. ఒకదాని పనిని రెండవదానితో చేయింపకుడు.

ఇది చదివిన ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, కమ్మర్‌పల్లి ప్రాంతముల యువకులకు నా విన్నపము ఒకటి కలదు. మీ యిండ్లలో పాత తక్‌పట్టీలు ఉండును. ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెటు ధరలు ఉచితముగా లభించును. లిబ్రె ఆఫీసు ఉచితము. ఒక షీటులో తేదీ, కనిష్ఠము, గరిష్ఠము, మోడల్ అను నాలుగు వరుసలను కొమ్మునకు, మండకు వేర్వేరుగా వ్రాయుడు. ఐదవ వరుసలో మీ యింటి పసుపు పలికిన ధరను చేర్చుడు. పటము క్రింద అక్షము ఏ సంఖ్యతో మొదలైనదో, ఏ మార్కెటు ధరయో, ఏ సంవత్సరపు రూపాయియో ఒక్క పంక్తిలో తెలుపుడు. క్రొత్త పసుపు యార్డునకు వచ్చుటకు ముందు ఆ షీటు సిద్ధముగా ఉండవలెను.